బ్రేక్ తొక్కితే మీటర్ బోర్డు వెలుగుతుంది, ఎందుకు? (వెనక లైట్లు, హోల్డర్లు, ఎర్త్)

చిట్యాల65 | చిట్యాల
అందరికి నమస్తే. బండి 2011 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వెనక లైట్లలో మామూలు బల్బులే, ఎల్‌ఈడీ కాదు. సమస్య ఇది: లైట్లన్ని ఆఫ్‌ల పెట్టి బ్రేక్ తొక్కితే మీటర్ బోర్డు వెలుగుతుంది, దాంతోపాటు నంబర్ ప్లేటు లైటు, ముందర పార్కింగ్ లైట్లు. కాలు తీస్తే అన్ని ఆరిపోతయి. పార్కింగ్ వేస్తే వెనక రెండు దిక్కుల బ్రేక్ తొక్కినంత గట్టిగ వెలుగుతున్నయి, పైన అద్దం దగ్గరి మూడో బ్రేక్ లైటు కూడ. అప్పుడు బ్రేక్ తొక్కినా తొక్కకున్నా ఏం తేడా లేదు. ఫ్యూజులు మంచిగనే ఉన్నయి. ఎడమ దిక్కు బల్బు ఈ మధ్యనే మారింది. వెనక వైరింగ్ మొత్తం మార్చాలె అంటున్నరు. మల్టీమీటరు ఉన్నది. ఎక్కడ మొదలుపెట్టాలె?

సూర్యాపేట_స్టాప్ | సూర్యాపేట
ఎర్త్ (కరెంటు బాడీ మీదుగ బ్యాటరీకి తిరిగిపోయే దారి) పోయింది అన్నా. వెనక లైట్లు పిచ్చి పిచ్చిగ వెలుగుతున్నయంటే నూటికి తొంభై ఎర్తే. డిక్కీ లోపల బాడీకి బిగించిన నల్ల వైరు బోల్టు విప్పి గీకి మళ్లీ బిగించు.

కరెంటోడు | నల్లగొండ
స్టాప్ భాయ్, ఈ లక్షణాలకు ఎర్త్ కుదరదు. లెక్క చూడండి. వెనక వాడేది డబుల్ కాంటాక్ట్ బల్బు, అంటే పి21/5డబ్ల్యూ. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు: బ్రేకుకు 21 వాట్లు, పార్కింగ్‌కు 5 వాట్లు. వెలుగుతున్నప్పుడు 21 వాట్ల ఫిలమెంటు నిరోధం సుమారు 7 ఓమ్‌లు, 5 వాట్లదానిది 29 ఓమ్‌లు.

ఎర్త్ తెగిందనుకోండి. బ్రేక్ కరెంటు 21 ఫిలమెంటు దాటి, 5 ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, పార్కింగ్ లైను పట్టుకుని మిగతా బల్బుల దాకా పోవాలి. ఆ దారిలో వోల్టేజీ చాలావరకు 29 ఓమ్‌ల దగ్గరే అయిపోతుంది. అవతల ముందరి పార్కింగ్‌లు, నంబర్ ప్లేటు, కుడి పార్కింగ్, మీటర్ బోర్డు అన్నీ సమాంతరంగా ఉంటాయి కాబట్టి వాటికి మిగిలేది ఒకటి రెండు వోల్టులు. దాంతో ఏ బల్బూ కంటికి కనబడేంత వెలగదు. ఎర్త్ పోయిన బండిలో బ్రేక్ తొక్కితే అదే లైటు డబ్బాలో ఉన్న ఇండికేటరో, రివర్స్ లైటో మినుకుమంటుంది. మీటర్ బోర్డు వెలగదు.

ఇక్కడ మీటర్ బోర్డు వెలుగుతోంది. పైగా పార్కింగ్ వేస్తే మూడో బ్రేక్ లైటు కూడా వస్తోంది. అంటే బ్రేక్ లైనూ పార్కింగ్ లైనూ ఎక్కడో నేరుగా అంటుకున్నాయి. ఆ రెండూ ఒక మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చే చోటు బల్బు హోల్డరు అడుగు. ఇటీవల చెయ్యి పడింది కూడా ఎడమ హోల్డరు మీదే. ఆ బల్బు బయటకు తీసి బ్రేక్ తొక్కండి. మీటర్ బోర్డు వెలగకపోతే వైరింగ్ జోలికి పోనక్కర్లేదు.

ఫ్యూజు ఎందుకు పోలేదంటే, ఇది బాడీకి షార్ట్ కాదు, ఒక లైను ఇంకో లైనుకు కలవడం. పార్కింగ్ ఫ్యూజు మీద అదనంగా పడేది రెండు 21 వాట్ల బల్బులు, మూడో లైటు. అన్నీ కలిపి నాలుగైదు ఆంపియర్లు. మామూలు భారంతో కలిసినా 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు తట్టుకుంటుంది.

పాలమూరు_పాన | మహబూబ్‌నగర్
కరెంటోడు అన్న చెప్పింది కరెక్ట్. నా అనుమానం ఇంకొంచెం ముందుకు: డబుల్ కాంటాక్ట్ హోల్డర్ల సింగిల్ కాంటాక్ట్ బల్బు (పి21డబ్ల్యూ) దూర్చిన్రు. చూడనీకి రెండు ఒకటే తీరు. తేడా అడుగున, పక్కన. డబుల్ దానికి అడుగున రెండు సీసం చుక్కలు ఉంటయి, సింగిల్ దానికి నడుమ ఒకటే పెద్ద చుక్క. పక్కన పిన్నులు చూడు: డబుల్ దానికి ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటయి, సింగిల్ దానికి రెండు ఒకే ఎత్తుల. తప్పు బల్బు పట్టొద్దనే పిన్నులు అట్ల పెట్టిన్రు, కాని హోల్డరు అరిగినా, అవుసరమున్నోడు గట్టిగ నొక్కి తిప్పినా కూసుంటది. కూసున్నంక ఆ పెద్ద చుక్క హోల్డర్ల ఉన్న రెండు పత్తీలను (రేకు కాంటాక్టులను) కలిపేస్తది. నువ్వు రాసినయన్ని అట్లనే వస్తయి.

తీసుడు ఎట్ల అంటే: హ్యాచ్‌బ్యాక్‌లల్ల ఎక్కువ వాటికి వెనక డోరు లేపితే లైటు లోపలి అంచున రెండు స్టార్ స్క్రూలు కనబడ్తయి. కొన్నిట్ల డిక్కీ లోపలి నుంచి 8 లేక 10 నంబరు నట్లు ఉంటయి. అవి ఇప్పినంక లైటును బండి వెనకకు, నేరుగ గుంజాలె. పక్కకు వంచొద్దు. బయటి అంచున ప్లాస్టిక్ మేకులు రబ్బరు బుష్‌లల్ల దిగి ఉంటయి, వంచితే అవే ముందు ఇరుగుతయి. రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకు, పెయింట్ పోతది, లెన్సు పలుగుతది. రెండు చేతులతోటి అరచేతుల మధ్యల పట్టి కొంచెం కొంచెంగ కదిలిస్తె వస్తది. వచ్చినంక వైరు మీద వేలాడదీయకు, కప్లర్ (వైర్ల ప్లగ్గు) లాక్ నొక్కి ఊడదీయ్. హోల్డర్లు ఎడమకు పావు చుట్టు తిప్పితే ఊడుతయి.

వనపర్తి_చక్రం | వనపర్తి
ఇంకో రెండు కారణాలు కూడా రాసి పెడుతున్నా, ఇదే లక్షణంతో వచ్చేవాళ్లకు పనికొస్తాయి.

ఒకటి, సరైన బల్బే అయినా 21 ఫిలమెంటు ఒక కొస తెగి 5 ఫిలమెంటు కాలు మీద పడటం. గాజును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే తెలుస్తుంది, కావాలంటే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. మల్టీమీటరుతో అడుగున ఉన్న రెండు చుక్కల మధ్య బీప్ వచ్చిందని బల్బు షార్ట్ అనుకోవద్దు. మంచి బల్బుకు కూడా వస్తుంది, ఎందుకంటే రెండు ఫిలమెంట్లూ బల్బు ఒంటికే కలుస్తాయి. ఒక్కో చుక్క నుంచి ఇత్తడి ఒంటికి విడివిడిగా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు 21 వాట్ల ఫిలమెంటు ఒక ఓమ్ లోపు, 5 వాట్లది రెండు మూడు ఓమ్‌లు చూపిస్తుంది. వేడి మీద ఉండే విలువలో పదో వంతన్నమాట.

రెండు, కొత్త బండ్లలో ఇత్తడి అడుగు లేని, గాజు చెక్కలా ఉండే బల్బులు ఉంటాయి, షాపుల్లో టీ20 అంటారు. సింగిల్‌ది డబ్ల్యూ21డబ్ల్యూ, డబుల్‌ది డబ్ల్యూ21/5డబ్ల్యూ. వీటికి పిన్నులు లేవు కాబట్టి సింగిల్‌ది డబుల్ హోల్డరులోకి ఇంకా సులువుగా దిగుతుంది. కొనేటప్పుడు అడుగున గాజుకు చుట్టిన తీగలు లెక్కపెట్టండి: నాలుగు తీగలుంటే డబుల్, రెండే ఉంటే సింగిల్.

చిట్యాల65 | చిట్యాల
ఎడమ బల్బు తీసి చూసిన. బ్రేక్ తొక్కితే మీటర్ బోర్డు వెలగలే, పార్కింగ్ వేస్తే మూడో లైటు రాలే. కుడి దిక్కు పార్కింగ్‌కు, బ్రేకుకు తేడా మంచిగ కనబడ్తుంది. తీసిన బల్బు అడుగున ఒకటే చుక్క ఉన్నది, ఒంటి మీద 12వి 21డబ్ల్యూ అని ఉంది. పాన అన్న చెప్పినట్టే. కాని హోల్డరు లోపల ప్లాస్టిక్ ఒక పక్క గోధుమరంగు తిరిగి కొంచెం కరిగినట్టుంది, రెండు పత్తీలల్ల ఒకటి కిందికి దిగిపోయి ఉన్నది. అదే హోల్డర్ల కొత్త డబుల్ కాంటాక్ట్ బల్బు పెట్టొచ్చునా?

పాలమూరు_పాన | మహబూబ్‌నగర్
పెట్టకు తమ్మీ. కరిగిన హోల్డర్ల స్ప్రింగు పట్టు ఉండదు. పట్టు లేకపోతే కాంటాక్టుల వేడి పుడ్తది, ఇంక కరుగుతది. 5 వాట్లకు తయారైన చోట రాత్రి పొద్దంత 21 వాట్లు వెలిగితే ప్లాస్టిక్‌ది అదే గతి. వైర్లతోటి వచ్చే డబుల్ కాంటాక్ట్ హోల్డరు విడిగ దొరుకుతది. నల్లగొండల దొరకకపోతే హైదరాబాద్ పుత్లీబౌలిల అడుగు. కొనేముందు లైటు డబ్బా రంధ్రంల పాతది ఎట్ల కూసుంటదో, చుట్టు చెవులు ఎన్ని ఉన్నయో చూసుకొని, పాతది చేతుల పట్టుకొనే పో. బండి పేరు చెప్పి తెచ్చుకుంటే ఒకటికి రెండుసార్లు తిరగాలె.

వైర్లు కలిపేటప్పుడు రంగులు నమ్మకు. మూడు వైర్లు ఉంటయి. పార్కింగ్ వేసినప్పుడు కరెంటు వచ్చేది ఒకటి, బ్రేక్ తొక్కినప్పుడు వచ్చేది ఒకటి, మిగిలింది ఎర్త్. టెస్టర్ పెట్టి చూసుకొని పేపర్ మీద రాసుకో. బ్రేక్ తొక్కనీకి పక్కన మనిషి లేకపోతే కట్టె ఒకటి పెడల్‌కు సీటుకు నడుమ అదిమి పెట్టు. ఎక్కువ బండ్లల్ల తాళం ఆఫ్‌ల ఉన్నా బ్రేక్ లైటు వస్తది, ఇంజిన్ స్టార్ట్ చేసే పని లేదు.

కలుపుడు మెలిపెట్టి టేపు చుట్టుడు కాదు. ముందు ముడుచుకునే గొట్టం (హీట్ ష్రింక్) వైరుకు ఎక్కియ్, తర్వాత మెలిపెట్టి టంకం వెయ్, గొట్టం జరిపి వేడి చెయ్. మూడు జాయింట్లు ఒక్కచోటనే రాకుండ ముందు వెనక వెయ్, లేకపోతే గడ్డ అయితది, డబ్బా లోపలికి పోదు. టేపు ఒక్కటే చుడితే మన ఎండకు జిగురు కరిగి రెండు ఎండాకాలాలల్ల ఊడొస్తది.

కరెంటోడు | నల్లగొండ
బల్బు పెట్టేటప్పుడు: పిన్నుల ఎత్తు చూసి గాడిలో దించి, అడుగుకు నొక్కి, కుడికి తిప్పాలి. తిరగకపోతే బల్బును సగం చుట్టు తిప్పి మళ్లీ దించండి. అంతేగాని బలం పెట్టవద్దు. బల్బు వంద రూపాయల లోపు వస్తువు. కుడిదీ ఎడమదీ ఒకేసారి మారిస్తే మంచిది, ఒకే వయసు ఫిలమెంట్లు అటూ ఇటుగా ఒకే కాలంలో పోతాయి.

పెట్టాక స్క్రూలు బిగించకముందే కప్లర్ తగిలించి చూసుకోండి. పార్కింగ్ ఒక్కటే, బ్రేక్ ఒక్కటే, రెండూ కలిపి, తర్వాత ఇండికేటర్, రివర్స్. పార్కింగ్ వెలుగుతుండగా బ్రేక్ తొక్కితే వెలుగు స్పష్టంగా పెరగాలి. 65వ నంబరు హైవే మీద రాత్రి మీ వెనక వచ్చే లారీవాడికి మీరు ఆగుతున్నట్టు తెలిసేది ఆ తేడా వల్లనే. మీ బండిలో ఇన్నాళ్లూ రాత్రిపూట ఆ తేడా లేదు.

స్క్రూలు చేతి బిగువు చాలు. ప్లాస్టిక్‌లో దిగే స్క్రూను ఇంకో చుట్టు బిగిస్తే గాడి పోతుంది, స్టడ్డు ఉన్నవాటికి లైటు డబ్బా మూలలో పగులు వస్తుంది. నీళ్లు లోపలికి దిగడానికి ఆ పగుళ్లు ఒక కారణం.

మిర్యాల_మిల్లు | మిర్యాలగూడ
సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా సెడాన్‌కు కరెంటోడు అన్న పైన రాసిన ఎర్త్ రకం సమస్య: బ్రేక్ తొక్కితే కుడి ఇండికేటర్ మసకగా వెలుగుతుంది, కుడి ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా దాంతోపాటే కొట్టుకుంటుంది. ఎడమ పక్క బాగుంది. బండి మిల్లుల దగ్గరే పార్కింగ్, తవుడు దుమ్ము అంతటా ఉంటుంది. బాడీ బోల్టు దగ్గర ఎర్త్ గీకించాం, తేడా రాలేదు.

కరెంటోడు | నల్లగొండ
మీది అచ్చంగా ఎర్త్. ఒక పక్కే కాబట్టి బోల్టు కంటే డబ్బా దగ్గరే దోషం ఉండే అవకాశం ఎక్కువ. ఆ డబ్బాలో బల్బులన్నిటికీ కలిపి ఒకటే ఎర్త్ పత్తీ ఉంటుంది, కప్లర్‌లో ఒకే పిన్ను మీద బయటకు వస్తుంది. మిగతా పిన్నుల్లో ఒక్కో బల్బు కరెంటే పోతే, దీంట్లో అన్నిటిదీ పోతుంది. బ్రేక్, ఇండికేటర్, పార్కింగ్ కలిసినప్పుడు నాలుగు ఆంపియర్లు. అందుకే ముందు చిలుము పట్టేదీ, నల్లబడేదీ ఆ పిన్నే.

గీకడం తర్వాత, ముందు కొలవండి. మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు (అందకపోతే డిక్కీ తాళం కొక్కెం దగ్గర పెయింట్ లేని ఇనుముకు), ఎర్ర వైరు హోల్డరు ఎర్త్ పత్తీకి పెట్టండి. కప్లర్ తగిలించే ఉండాలి, పార్కింగ్, బ్రేక్ రెండూ వెలుగుతూ ఉండాలి. 0.1 వోల్టు, పోనీ 0.2 వస్తే ఎర్త్ బాగున్నట్టు. ఒక వోల్టో, అంతకన్నా ఎక్కువో వస్తే దోషం ఆ దారిలోనే ఉంది. తర్వాత ఎర్ర వైరును కప్లర్‌లో డబ్బా వైపు పిన్నుకు, ఆ పైన బండి వైపు పిన్నుకు, ఆ పైన బాడీ బోల్టు మీది లగ్గుకు (వైరు కొసన ఉండే రింగుకు) మార్చుకుంటూ రండి. ఎక్కడ రీడింగ్ టక్కున పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్య చెడింది.

ఓమ్‌ల మోడ్‌లో లైట్లు ఆర్పి చూస్తే ఈ దోషం దొరకదు. వైరులో పదిహేను పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది. కరెంటు పారుతున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

మిర్యాల_మిల్లు | మిర్యాలగూడ
కొలిచాం. హోల్డరు పత్తీ దగ్గర 3.1. కప్లర్ డబ్బా వైపు పిన్ను దగ్గర 2.9. బండి వైపు 0.1. పిన్ను చుట్టూ పచ్చగా ఉంది, ప్లాస్టిక్ కొంచెం నల్లబడింది.

కరెంటోడు | నల్లగొండ
ఇంకేం, కప్లర్‌లోనే 2.8 వోల్టులు పోతున్నాయి. బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితేనే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. మీకు ఐదో వంతుకు పైగా పోతోంది.

బ్యాటరీ మైనస్ తీసి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, పిన్నును 600 నంబరు ఎమరీ పేపర్ సన్న ముక్కతో రుద్దండి. ఆడ పిన్ను లోపలికి పేపర్ పోదు, దాన్ని సూదితో కొంచెం దగ్గరకు ఒత్తితే పట్టు వస్తుంది. ప్లాస్టిక్ బాగా నల్లబడి ఉంటే ఆ ఒక్క పిన్ను మార్పించడమే మేలు. చివర డైఎలక్ట్రిక్ గ్రీసు బియ్యపు గింజంత. అది కరెంటు పారించేది కాదు, తేమ, దుమ్ము రాకుండా కాపాడేది. బేరింగ్ గ్రీసు వద్దు, దుమ్ము పట్టి గడ్డ కడుతుంది. తవుడు దుమ్ముకు తేమ పీల్చే గుణం ఉంది కాబట్టి మీ దగ్గర వానకాలం ముందు ఒకసారి విప్పి చూడటం తప్పదు.

గద్వాల్_గేరు | గద్వాల
లైటు లోపల ఆవిరి గురించి ఎవరైనా చెప్తారా? ముసురు పట్టినప్పుడు రెండు లైట్లలోనూ మంచులా పడుతుంది. ఒకదాంట్లో అడుగున నీళ్లు కూడా నిలుస్తున్నాయి. అడుగున చిన్న బొక్క వేస్తే పోతాయంటున్నారు.

వనపర్తి_చక్రం | వనపర్తి
అక్కా, రెండూ వేర్వేరు. లైటు డబ్బాకు గాలి ఆడటానికి సన్న గొట్టమో, స్పాంజి మూతో ఉంటుంది. వాన పడి లెన్సు చల్లబడితే లోపల సన్నగా మసక రావడం మామూలే. లైట్లు వేసి అరగంట నడిపితే పోవాలి. చుక్కలు జారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా అది లీకు.

బొక్క వేస్తే నీళ్లు పోతాయి నిజమే, కానీ వెనక చక్రాలు లేపే దుమ్ము, బురద నీళ్లు అదే బొక్కలోంచి లోపలికి వస్తాయి. ఏడాదిలో రిఫ్లెక్టరు మీద ఎర్రమట్టి పొర కడుతుంది, దాన్ని తుడవడానికి దారి ఉండదు.

లీకు ఎక్కడో పట్టుకోవాలంటే: లైటు విప్పి బల్బులు తీసి, హోల్డరు రంధ్రాలకు టేపు వేసి, ఒక్క రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊదుతూ అతుకుల మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగ ఎక్కడ లేస్తే అక్కడే లీకు. గాలి గొట్టం దగ్గర ఎలాగూ లేస్తుంది, దాన్ని వేలితో మూయండి, తర్వాత మాత్రం సీలు చేయవద్దు. హోల్డరు చుట్టూ ఉండే రబ్బరు రింగు గట్టిపడిందేమో కూడా చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, దూరం నుంచి. పూర్తిగా ఆరాకే సీలింగ్. సిలికాన్ కొనేటప్పుడు ట్యూబు మీద న్యూట్రల్ అని ఉన్నదే తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చేది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, ఇత్తడి పత్తీలకు చిలుము, రిఫ్లెక్టరు మెరుపుకు మచ్చ. రాసిన తర్వాత ఒక రోజు పూర్తిగా వదిలేసి బిగించండి.

దేవరకొండ_డిక్కీ | దేవరకొండ
దీనికి తోడు ఇంకోటి. లైటుకు బాడీకి మధ్యన స్పాంజి గ్యాస్కెట్ ఉంటది. అది నలిగిపోతే లైటు లోపలికి కాదు, డిక్కీలకు నీళ్లొస్తయి. స్టెప్నీ కింద నీళ్లు నిలిచి, కార్పెట్ వాసన వస్తుంటే ముందు చూడాల్సింది అదే. కొత్త గ్యాస్కెట్ విడిగ దొరకకపోతే, ఒక పక్క జిగురుండే ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) ఫోమ్ పట్టీ పాతదాని మందంకు తగ్గట్టు కొని చుట్టు అతికియ్యొచ్చు. అతుకు కింది వైపు రావాలె, పై వైపు కాదు. పాతదాని ముక్కలు అంటుకుని ఉంటే గీకి తీసెయ్యాలె. పెట్రోలుతోటి, థిన్నర్‌తోటి తుడవొద్దు. వెనక లెన్సులు ఎక్కువ వాటికి యాక్రిలిక్, థిన్నర్ తగిలితే సన్న సన్న పగుళ్లు లేస్తయి, అవి ఏ పాలిష్‌కు పోవు.

జడ్చర్ల_జంక్షన్ | జడ్చర్ల
ఇన్ని బాధలు ఎందుకు, ఎల్‌ఈడీ బల్బులు పెట్టేస్తే పోదా? ఆన్‌లైన్ల జత దొరుకుతున్నయి.

కరెంటోడు | నల్లగొండ
హోల్డరు చెడితే ఎల్‌ఈడీకి కూడా చెడినట్టే భాయ్, బల్బు మారితే చిలుము పోదు. ఇక ఎల్‌ఈడీ గురించి. లైటు డబ్బాలో రిఫ్లెక్టరును ఫిలమెంటు ఉండే చోటును లెక్కగట్టి తయారుచేస్తారు. ఎల్‌ఈడీ ముక్కలు ఒంటి చుట్టూ పరిచి ఉంటే వెలుగు వేరే చోట పుడుతుంది, నేరుగా వెనక నుంచి చూస్తే బాగుంటుంది, పక్క లేను నుంచి చూస్తే సగం కనబడదు. చవక రకాల్లో పార్కింగ్‌కూ బ్రేకుకూ తేడా తక్కువ. చిట్యాల తమ్ముడికి తప్పు బల్బుతో వచ్చిన ప్రమాదమే కొని తెచ్చుకున్నట్టు. పెట్టాలనే ఉంటే ఎర్ర లెన్సు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టండి. తెల్లది పెడితే లెన్సు ఆపేది ఆపగా మిగిలే ఎరుపు తక్కువ, చూడటానికి గులాబీ రంగులో పాలిపోయి కనబడుతుంది.

ఇండికేటర్‌లో పెడితే ఫ్లాషర్ వేగం పెరుగుతుంది. 21 వాట్లు గుంజాల్సిన చోట రెండు మూడు వాట్లే గుంజుతుంది కాబట్టి బల్బు పోయిందని అనుకుని గబగబా కొడుతుంది. దానికి 6 ఓమ్‌లు, 50 వాట్ల రెసిస్టరు అమ్ముతారు. ఇంజిన్ నడుస్తుండగా 13.5 వోల్టుల దగ్గర అది 2.25 ఆంపియర్లు గుంజి 30 వాట్లు వేడిగా వదులుతుంది. ప్లాస్టిక్‌కూ, వైరు కట్టకూ ఆనిస్తే కరిగిస్తుంది. ఇనుప రేకుకే బిగించాలి. అంత వేడి పుట్టించి మిగుల్చుకునే కరెంటు ఏమీ లేదు.

పాలమూరు_పాన | మహబూబ్‌నగర్
నా మాట: బల్బు బండికి బల్బే మంచిది. ఆరు నెలలకు ఒకటి పోతున్నదంటే తప్పు బల్బుది కాదు. ఇంజిన్ నడుస్తుండగ బ్యాటరీ మీద చూడు, 13.8 నుంచి 14.5 నడుమ ఉండాలె. 15 దాటుతుంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పోయినట్టే, అన్ని బల్బులు తినేస్తది. వోల్టేజీ మంచిగ ఉంటే డిక్కీ డోరు గట్టిగ వేస్తున్నరేమో, లైటు లూజుగ ఉండి అదురుతున్నదేమో చూడాలె.

ఇండికేటర్ విషయం ఇంకొకటి. తెల్ల లెన్సు ఉన్న బండికి పసుపు రంగు పూసిన బల్బు వస్తది, పీవై21డబ్ల్యూ. దాని పిన్నులు ఎదురెదురుగ ఉండవు, ఒక పక్కకు జరిగి 150 డిగ్రీలల్ల ఉంటయి, తెల్లది పట్టకుండ. రంగు పొర రాలిపోతే ఇండికేటర్ తెల్లగ కొడ్తది, అప్పుడు వెలుగుతున్నా సరే మార్చాలె.

సూర్యాపేట_స్టాప్ | సూర్యాపేట
నా ఎర్త్ ఇక్కడ కుదరలేదు గాని మిర్యాల అన్నకు కుదిరింది కదా 🙂 సరే, మా దగ్గర ఇంకో బండి. ఇంజిన్ ఆర్పి తాళం తీసినా మూడు బ్రేక్ లైట్లు వెలుగుతనే ఉన్నయి. పొద్దుగాల బ్యాటరీ డౌన్. ఇది షార్టేనా?

పాలమూరు_పాన | మహబూబ్‌నగర్
షార్ట్ అనుకునేముందు పెడల్ కింద చాపల మీద ప్లాస్టిక్ పొడి ఉన్నదేమో చూడు. బ్రేక్ స్విచ్చు పిన్నును నొక్కి పట్టనీకి పెడల్ రేకుకు చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటది. కొన్నేండ్లకు అది ఎండి పిగిలి రాలిపోతది, రంధ్రం మిగులుతది, స్విచ్చు పిన్ను ఆ రంధ్రంలకు దూరుతది. బండి దృష్టిల బ్రేక్ తొక్కినట్టే. బిళ్ల చాన చవక. దొరికేదాక ఆ రంధ్రంల చిన్న బోల్టు నట్టు పెట్టి బిగిస్తే పని నడుస్తది.

బిళ్ల ఉన్నా వెలుగుతుంటే స్విచ్చు గ్యాపు సరిచెయ్యాలె. పెడల్ పూర్తిగ పైన ఉన్నప్పుడు స్విచ్చు ఒంటికి, బిళ్లకు నడుమ మందపాటి కాగితం దూరేంత చాలు. దగ్గరకు జరిపితే బ్రేకులు పట్టుకుంటయి, దూరం జరిపితే లైటు ఆరదు.

వనపర్తి_చక్రం | వనపర్తి
దీనికి వ్యతిరేకం కూడా ఉంటుంది. మూడు బ్రేక్ లైట్లూ ఒకేసారి రాకపోతే మూడు బల్బులూ ఒకేసారి పోవు, ఫ్యూజు లేదా స్విచ్చు. పుష్ బటన్ బండి అయితే స్టార్ట్ కాదు, ఆటోమేటిక్ అయితే లివర్ పార్కింగ్ నుంచి కదలదు, బ్రేక్ తొక్కిన సంగతి కంప్యూటరుకు చేరదు కాబట్టి. ఇగ్నిషన్ అనుకుని ఖర్చు పెట్టకముందు వెనక బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో గోడ మీద చూసుకోవాలి.

గద్వాల్_గేరు | గద్వాల
లీకు దొరికింది, హోల్డరు రబ్బరు రింగు దగ్గరే బుడగలు వచ్చాయి. రింగు మార్చాం. ఇంకో చిన్న ప్రశ్న: వెనక డోరు లేపి ఉంచితే నంబర్ ప్లేటు లైటు వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. మూడో బ్రేక్ లైటు కూడా అంతే. బల్బు బాగానే ఉంది.

దేవరకొండ_డిక్కీ | దేవరకొండ
అక్కా, డోరుకు బాడీకి నడుమ పైన నల్ల రబ్బరు గొట్టం ఉంటది, మడతలు మడతలుగ. డోరు తీసి మూసినప్పుడల్ల లోపల వైర్లు వంగుతయి, కొన్నేండ్లకు లోపలి రాగి తెగుతది, పైన ప్లాస్టిక్ మాత్రం బాగనే కనబడ్తది. గొట్టం రెండు కొసలు ఊడదీసి వెనకకు జరిపి ఒక్కో వైరు పట్టుకొని మెల్లగ గుంజు. తెగిన వైరు రబ్బరు లెక్క సాగుతది. ఒకటి తెగితే పక్కవి కూడ దగ్గరల ఉన్నట్టే, ఆ కట్ట మొత్తం చూడాలె.

మడత పడే చోట టంకం వెయ్యకూడదు. టంకం వేసిన చోట వైరు కడ్డీ తీరు గట్టిపడి, దాని పక్కనే మళ్లీ తెగుతది. తెగిన చోటుకు అటు ఇటు అరగజం దాక పాత వైరు కోసేసి, మెత్తటి సన్న పోగుల వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది కొత్త ముక్క వెయ్యాలె, జాయింట్లు డోరు లోపల ఒకటి, బాడీ లోపల ఒకటి రావాలె, గొట్టం లోపల కాదు. ముక్క రెండు మూడు అంగుళాలు వదులుగ ఉంచి, గొట్టం ఎక్కించేముందు డోరు పూర్తిగ లేపి, సగం దింపి, మూసి, మూడు చోట్ల లైటు చూడు.